స్కాట్లాండ్‌లో ఏం తినాలి, ఏం తాగాలి, ముందుగా ఏం అడగాలి: నల్గొండ, పాలమూరు ప్రయాణికులకు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల నుంచి స్కాట్లాండ్‌కు వెళ్లేవారిలో చాలామంది గ్లాస్గోలోనో, అబర్డీన్‌లోనో, డండీలోనో చదువుకుంటున్న పిల్లలను చూసి రావడానికి వెళ్లే తల్లిదండ్రులు; మిగిలినవారు లండన్ పర్యటనకు మూడు నాలుగు రోజులు కలుపుకొని ఎడిన్‌బరా దాకా వెళ్లి వచ్చేవారు. ఎవరి పెట్టె చూసినా సగం బరువు కారప్పొడులు, తొక్కులు, చింతపండు, సకినాలదే. అక్కడి తిండి చప్పగా ఉంటుందన్న మాట బయలుదేరక ముందే చెవిన పడి ఉంటుంది కాబట్టి, పూటపూటకూ పిల్లల గదిలో అన్నం వండుకొని తిని, కోటలూ సరస్సులూ చూసి, ఆ దేశపు తిండి ఒక్క ముద్ద కూడా నోట పెట్టకుండానే తిరిగి వచ్చేవారు ఎందరో ఉన్నారు.

చప్పన అన్న మాటలో కొంత నిజం ఉంది. స్కాట్లాండ్ ఇంటి వంటలో మిరపకాయకు గానీ చింతపండుకు గానీ చోటు లేదు. ఉప్పు, మిరియాలు, ఉల్లిగడ్డ, వెన్న, పొగ అన్న ఈ కొద్దిపాటి వాటితోనే రుచి తెస్తారు. కాబట్టి సరుకులో లోపం ఉంటే దాన్ని కప్పిపెట్టడానికి మసాలా ఉండదు, చేప తాజాది కాకపోయినా ఆలుగడ్డ మంచిది కాకపోయినా మొదటి ముద్దలోనే బయటపడుతుంది. ఎక్కడ తినాలన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది: ఏ ఊరు ఏ సరుకుకు పేరుపడిందో ఆ ఊరికి వెళ్లి, దాని మీదే బతికేవారి దగ్గర తినాలి. ఎడిన్‌బరా కోట కింది వీధిలో, తలుపు ముందు పెద్ద పలక మీద అన్ని వంటల పేర్లూ రాసి పర్యాటకులను పిలిచే చోట్ల తిని, స్కాట్లాండ్ తిండి ఇంతేనని తీర్మానించడం న్యాయం కాదు.

తినే ముందు అడగవలసినవి

మన జిల్లాల్లో పెద్దకూర తినే ఇళ్లూ ఉన్నాయి, తినని ఇళ్లూ ఉన్నాయి. తినేవారికి ఈ భాగంతో పని లేదు. తిననివారు మాత్రం దీన్ని జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే స్కాట్లాండ్‌లో బీఫ్ పేరు చెప్పకుండానే పళ్లెంలోకి వస్తుంది. హోటల్ పట్టికలో ‘మిన్స్’ అని ఒక్క మాటే ఉంటే అది దాదాపు ఎప్పుడూ బీఫ్ ఖీమానే. ఉదయపు ఫలహారంలో చతురస్రంగా కోసి ఇచ్చే లోర్న్ సాసేజ్‌లో సాధారణంగా బీఫ్ గానీ, బీఫ్‌తో కలిపిన పంది మాంసం గానీ ఉంటుంది. ఫార్ఫర్ పట్టణం పేరుతో అమ్మే బ్రైడీ అన్న మడత పఫ్‌లో ఉండేదీ బీఫే. ఫుట్‌బాల్ మైదానాల దగ్గర చేతిలో పెట్టుకొని తినే స్కాచ్ పై సంప్రదాయంగా గొర్రె మాంసంతో చేసేదే అయినా, బీఫ్‌తో చేసేవారూ ఉన్నారు కాబట్టి అడిగి తీసుకోవాలి.

ఇంతకంటే కనిపించకుండా వచ్చేది కొవ్వు. పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వును సూయెట్ అంటారు. గొర్రె లోపలి భాగాలతో చేసే హగ్గిస్‌లోనూ, బట్టలో చుట్టి ఉడికించే క్లూటీ డంప్లింగ్ అన్న తీపి వంటకంలోనూ ఇది పడుతుంది. ఓట్స్ రవ్వను ఉల్లిగడ్డతో వేయించి చేసే స్కర్లీ చూడడానికి శాకాహారంగానే కనిపిస్తుంది, కానీ పాత పద్ధతిలో దాన్ని వేయించేది బీఫ్ కొవ్వులోనే. చేపలూ చిప్స్ (అక్కడ చిప్స్ అంటే లావుగా కోసి వేయించిన ఆలుగడ్డ ముక్కలు) అమ్మే కొన్ని దుకాణాల్లో నూనెకు బదులు ఇదే కొవ్వు వాడతారు. నూనె వాడే చోట కూడా సాసేజ్, హగ్గిస్, చేప అన్నీ ఒకే బాండీలో వేగుతాయి. పూర్తి శాకాహారులు అక్కడ చిప్స్ కూడా అడిగి తెలుసుకున్న తరువాతే తినాలి.

బ్రిటన్ చట్టం ప్రకారం హోటళ్లు 14 రకాల అలర్జీ పదార్థాల గురించి కొనేవారికి తెలపాలి. పాలు, గుడ్లు, చేప, వేరుశనగ, నువ్వులు, ఆవాలు, గోధుమ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. బీఫ్ లేదు, పంది మాంసం లేదు. అందువల్ల అలర్జీ పట్టిక చూసి నిశ్చింతగా ఉండడం సరిపోదు. “ఇందులో బీఫ్ గానీ బీఫ్ కొవ్వు గానీ ఉందా, సూప్ నీళ్లు దేనితో కాచారు?” అని నేరుగా అడగాలి. అలా అడిగితే అక్కడ ఎవరూ చిన్నబుచ్చుకోరు. తెలియకపోతే వంటగదిలోకి వెళ్లి కనుక్కొని వచ్చి చెబుతారు. హలాల్ మాంసం కావలసినవారికి గ్లాస్గో దక్షిణ భాగంలోని పొలోక్‌షీల్డ్స్ చుట్టుపక్కల దుకాణాలు ఉన్నాయి. పప్పులు, కొత్తిమీర, పచ్చిమిర్చి కూడా అక్కడే దొరుకుతాయి.

పెట్టె సర్దుకునేటప్పుడు మరొక సంగతి. భారత్ నుంచి బ్రిటన్‌కు మాంసంతో గానీ పాలతో గానీ చేసినవి వెంట తీసుకెళ్లకూడదు. నాటుకోడి పచ్చడి, యాట మాంసం పచ్చడి, నెయ్యి, కోవా అన్నీ ఇందులోకే వస్తాయి. విమానాశ్రయంలో పట్టుకుంటే తీసి పారేస్తారు. కారప్పొడికి ఆ ఇబ్బంది లేదు. దాన్ని తీసుకెళ్లండి, అయితే ప్రతి వంటకాన్నీ మొదట అది చల్లకుండా నాలుగు ముద్దలు తిని చూడండి.

పొద్దున పూట

ఓట్స్‌తో మొదలుపెట్టడమే మంచిది. చలి, తేమ ఎక్కువగా ఉండే ఆ నేల మీద గోధుమ కంటే ఓట్స్, బార్లీ బాగా పండేవి. ఆ రెండు ధాన్యాల చుట్టూనే వారి పాత వంట అంతా అల్లుకొని ఉంది. జొన్న రొట్టె, గట్కతో పెరిగిన పాలమూరు మనిషికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. పారిజ్ అన్నది ఓట్స్‌ను నీళ్లలోనో, పాలు కలిపిన నీళ్లలోనో, స్పర్టిల్ అన్న గుండ్రటి కర్రతో తిప్పుతూ కాచే జావ. పాతకాలపు పద్ధతిలో అందులో ఉప్పు తప్ప ఇంకేమీ వేయరు. నేడు తేనె, పండ్లు, మీగడ వేసి ఇచ్చేవారే ఎక్కువ. మొదటిసారి ఉప్పు వేసినదే అడిగి, పక్కన చల్లటి పాలు పెట్టించుకోండి. వేడి జావను చెంచాతో తీసి చల్లటి పాలలో ముంచి తింటే ఆ రెండింటి తేడాలో ఉన్న రుచి తెలుస్తుంది. కార్‌బ్రిడ్జ్ అన్న చిన్న గ్రామంలో 1994 నుంచి పారిజ్ కాచే ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి; గెలిచినవారికి ఇచ్చేది బంగారు స్పర్టిల్.

ఇళ్లలో గదులు అద్దెకిచ్చే బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్‌లలో బస చేస్తే, రేపు పొద్దున ఏం తింటారని ముందు రోజు రాత్రే అడుగుతారు. ఫుల్ స్కాటిష్ అంటే గుడ్లు, బేకన్, సాసేజ్, బ్లాక్ పుడింగ్, ఒక ముక్క హగ్గిస్, ఉడికిన బీన్స్, పుట్టగొడుగులు, టమాట, టాటీ స్కోన్ అన్నీ ఒకే పళ్లెంలో వస్తాయి. బ్లాక్ పుడింగ్ రక్తం, ఓట్స్, కొవ్వు కలిపి చేసేది. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో చేసే దానికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అవి వద్దనుకునేవారు గుడ్లు, పుట్టగొడుగులు, టాటీ స్కోన్ మాత్రం చెప్పుకోవచ్చు. ఉడికించిన ఆలుగడ్డను పిండితో, వెన్నతో కలిపి పలుచగా ఒత్తి పెనం మీద కాల్చే ఆ స్కోన్ ఒక్కదాని కోసమైనా ఒక పొద్దున హోటల్లో తినవచ్చునని నా అభిప్రాయం.

సూప్, ఆ తరువాత చేప

స్కాట్లాండ్‌లో మధ్యాహ్నం పూట తక్కువ ఖర్చుతో, మోసపోకుండా తినదగినది సూప్. ఏ చిన్న కెఫేకు వెళ్లినా ఆ రోజు సూప్ అని ఒకటి ఉంటుంది, దానితో రొట్టె, వెన్న ఇస్తారు. పప్పు సూప్ చాలాచోట్ల కనిపిస్తుంది, మనవారికి వెంటనే నచ్చుతుంది కూడా. కానీ సంప్రదాయంగా దాన్ని పంది కాలి ఎముకతో కాస్తారు కాబట్టి శాకాహారులు అడగకుండా చెంచా ముంచకూడదు. స్కాచ్ బ్రాత్‌లో బార్లీ, దుంపలు, గొర్రె మాంసం ఉంటాయి. కాక్-ఎ-లీకీ కోడి, ఉల్లికాడల వంటి లీక్ ఆకులతో కాచే షోర్వా; కొందరు అందులో ఎండు ప్లమ్ పండ్లు వేస్తారు, అది మాత్రం నాకు అంతగా నచ్చలేదు.

వీటన్నింటిలో నేను ముందుగా తినమనేది కల్లెన్ స్కింక్. మోరే తీరంలోని కల్లెన్ అన్న చేపల రేవు దీని పుట్టిల్లు. పొగబెట్టిన హాడక్ చేప, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, పాలు: ఇవే సరుకులు. చేపను పాలతో కలపకూడదన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉన్నందువల్ల చాలామంది దీని పేరు వినగానే వెనక్కి తగ్గుతారు. అక్కడివారు తరతరాలుగా తింటున్నారన్నది చూసి, ఆ సందేహాన్ని ఒక పూటకు పక్కన పెట్టవచ్చు.

చేప తినడానికి అర్బ్రోత్ వెళ్లడం తప్పనిసరి అంటాను. ఎడిన్‌బరా నుంచి అబర్డీన్ వెళ్లే రైలు దారిలో ఉన్న ఈ ఊరికి సుమారు గంటన్నర ప్రయాణం. స్మోకీలు అనే ఇక్కడి పొగబెట్టిన హాడక్ చేపలు దగ్గరలోని ఆక్‌మిథీ అన్న జాలరి పల్లెలో మొదలై ఇక్కడికి వచ్చాయి. హాడక్ చేపల తలలు తీసి, శుభ్రం చేసి, ఉప్పులో కొంతసేపు ఉంచిన తరువాత, రెండేసి చేపలను తోకల దగ్గర జనపనార తాడుతో జతకట్టి, అడ్డకర్రలకు వేలాడదీస్తారు. కింద గట్టి జాతి కట్టెల నిప్పు ఉంటుంది. పైన తడిపిన గోనెసంచులు కప్పుతారు. ఆ తడి గోనె వల్ల మంట పైకి లేవకుండా అణగి, వేడీ, పొగా, ఆవిరీ మూడూ లోపలే తిరుగుతూ గంటలోపే చేపను ఉడికించి, పైతోలును రాగి రంగుకు తెస్తాయి. దీన్ని మళ్లీ వండవలసిన పని లేదు. రేవు దగ్గరి పొగ గదుల్లో అప్పుడే దించినది అడిగి తీసుకోండి, కాగితంలో పెట్టి ఇస్తారు. వేళ్లతో పొట్ట వైపు విప్పి, నడిమి ముల్లును ఒక చివర పట్టుకొని మెల్లగా ఎత్తితే మొత్తంగా ఊడి వస్తుంది. లోపలి మాంసం తెల్లగా, చెమ్మగా, పొరలు పొరలుగా విడిపోతుంది. చెంచాలు, ఫోర్కులు వాడవలసిన పని లేని తిండి కాబట్టి మన చేతులకు ఇది ఇట్టే అలవాటవుతుంది. అర్బ్రోత్ స్మోకీ అన్న పేరుకు 2004 నుంచి చట్టపరమైన రక్షణ ఉంది. అర్బ్రోత్‌కు ఎనిమిది కిలోమీటర్ల లోపల, ఈ పద్ధతిలో చేసినవాటినే ఆ పేరుతో అమ్మాలి.

పడమటి తీరంలో ఓబన్ మరొక మంచి ఊరు. గ్లాస్గో నుంచి రైలులో మూడు గంటలకు పైగా పడుతుంది, దారి అంతా కొండలూ నీళ్లూ. పడవలు ఆగే గట్టు మీదనే పీతలు, ఆల్చిప్పలు, పెద్ద రొయ్యల వంటి లాంగస్టీన్లు అమ్మే చిన్న కొట్టు ఉంటుంది. నిలబడి తినాలి, వాన పడుతుంటే తడుస్తూ తినాలి. సముద్రం దగ్గర లేని మన జిల్లాలవారికి ఆల్చిప్పలు పచ్చిగా తినడం కొత్త, కాబట్టి ఉడికించిన మస్సెల్స్ అన్న నల్లటి చిన్న చిప్పలతో మొదలుపెట్టి, ధైర్యం కలిగితేనే ముందుకు వెళ్లాలి.

చిప్స్ దుకాణంలో ‘ఫిష్ సప్పర్’ అంటే చేపతో పాటు చిప్స్ కూడా ఇస్తారు. సప్పర్ అన్న మాట లేకపోతే చేప ఒక్కటే వస్తుంది. ఎడిన్‌బరాలో దాని మీద ఉప్పు, పుల్లటి పలుచని గోధుమరంగు సాస్ పోస్తారు, గ్లాస్గోలో ఉప్పు, వెనిగర్ చల్లుతారు. ఏది మంచిదన్న దాని మీద ఆ రెండు నగరాలవారికీ వాదం తెగదు. ఒక సప్పర్ ఇద్దరు పెద్దవాళ్లకు సరిపోతుంది. మార్స్ చాక్లెట్ బార్‌ను పిండిలో ముంచి నూనెలో వేయించడం 1990ల్లో స్టోన్‌హేవెన్‌లోని ఒక చిప్స్ దుకాణంలో మొదలైంది. సరదా కోసం తిననివ్వండి, దాన్ని ఆ దేశపు వంట అనుకోవద్దు.

హగ్గిస్

స్కాట్లాండ్ అనగానే అందరూ అడిగేది హగ్గిస్ గురించే. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు ఉడికించి సన్నగా తరిగి, ఓట్స్ రవ్వ, ఉల్లిగడ్డ, సూయెట్ కొవ్వు, ఉప్పు, మిరియాలు కలిపి, గొర్రె పొట్ట సంచిలో నింపి ఉడికిస్తారు. ఇప్పుడు ఆ సంచికి బదులు ఎక్కువగా తయారుచేసిన తొడుగులు వాడుతున్నారు. ఆదివారం బోటి కూర కోసం పొద్దున్నే మటన్ దుకాణం ముందు నిలబడే ఇంటివారికి దీన్ని చూసి భయపడవలసిన కారణం ఏమీ లేదు. యాటను కోసిన తరువాత ఏ భాగమూ వృథా పోకూడదన్న ఆలోచనలోంచే రెండూ పుట్టాయి. రుచిలో మాత్రం మెత్తగా, రవ్వరవ్వగా, మిరియాల ఘాటుతో ఉంటుంది. చప్పన కాదు.

పక్కన ఇచ్చే నీప్స్ నారింజ రంగు దుంప ముద్ద, టాటీస్ ఆలుగడ్డ ముద్ద. మూడింటినీ కొంచెం కొంచెంగా ఒకే ముద్దలో కలిపి తినాలి. హగ్గిస్ ఒక్కటే తింటే బరువనిపిస్తుంది. మొదటిసారే పూర్తి పళ్లెం చెప్పకుండా, భోజనానికి ముందు ఇచ్చే చిన్న పరిమాణంలో అడగండి. సూయెట్ బీఫ్‌దా కాదా అన్న ప్రశ్న ఇక్కడ మళ్లీ అడగాలి. కొందరు తయారీదారులు బీఫ్ భాగాలు కూడా కలుపుతారు.

శాకాహారులకూ హగ్గిస్ ఉంది, అదీ నామమాత్రంగా కాదు. ఎడిన్‌బరాలోని మాక్‌స్వీన్ సంస్థ 1984లో స్కాటిష్ పొయెట్రీ లైబ్రరీ ప్రారంభ సందర్భంలో పప్పు దినుసులు, ఓట్స్, గింజలు, కూరగాయలతో దీన్ని చేసింది. ఇప్పుడు సూపర్ మార్కెట్లలోనూ, చాలా హోటళ్లలోనూ దొరుకుతుంది. మాంసం తినేవారిలో కూడా దీన్నే ఇష్టపడేవారు ఉన్నారు. జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ జయంతి నాడు మీరు అక్కడ ఉంటే, విశ్వవిద్యాలయాలు, సంఘాలు ఏర్పాటుచేసే విందుకు పిల్లల ద్వారా పిలుపు సంపాదించుకోండి. 1759లో పుట్టిన ఆ కవి హగ్గిస్ మీద చెప్పిన పద్యాన్ని నిలబడి చదివి, పద్యం మధ్యలోనే కత్తితో దాన్ని చీల్చడం ఆ విందులో ఆచారం.

గ్లాస్గో, ఎడిన్‌బరాల్లోని భారతీయ, పాకిస్తానీ హోటళ్లలో హగ్గిస్ పకోడీ దొరుకుతుంది. శనగపిండిలో ముంచి వేయించి, పక్కన చట్నీతో ఇస్తారు. వెనకాడే అత్తగారికో మామగారికో మొదట ఇదే తినిపించండి. అది తిన్నవారు మరునాడు అసలు హగ్గిస్ పళ్లెం ముందు అంత ఇబ్బంది పడరు. చికెన్ టిక్కా మసాలా కూడా గ్లాస్గోలోని షిష్ మహల్ హోటల్లోనే పుట్టిందని ఆ నగరవాసులు చెప్పుకుంటారు. ఇతరులు ఒప్పుకోకపోవచ్చు, గ్లాస్గోలో కూర్చొని దాని మీద వాదించకపోవడమే మేలు.

విస్కీ, దాని నియమాలు

తాగనివారు ఈ భాగాన్ని పూర్తిగా వదిలేయనవసరం లేదు, ఎందుకంటే విస్కీ తయారయ్యే చోటు చూడడానికీ తాగడానికీ సంబంధం లేదు. నానబెట్టి మొలకెత్తించిన బార్లీని ఆరబెట్టి, పిండి చేసి, వేడి నీళ్లలో తీపి రసం తీసి, పులియబెట్టి, రాగి పాత్రల్లో సాధారణంగా రెండుసార్లు బట్టీ పడతారు. ఆ తరువాత చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లోనే, ఓక్ పీపాల్లో, కనీసం మూడేళ్లు నిల్వ ఉంచాలి. సీసాలో 40 శాతానికి తక్కువ ఆల్కహాల్ ఉండకూడదు. పీపాలో ఉండగా ఏటా సుమారు రెండు శాతం గాలిలో కలిసిపోతుంది. సీసా మీద 12 సంవత్సరాలు అని ఉంటే, అందులో కలిపిన విస్కీలలో అన్నింటికంటే చిన్నదాని వయసు అది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్మే చౌక సరుకులో ఎక్కువభాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో చేసేది, దాన్ని అక్కడ విస్కీ పేరుతో అమ్మనివ్వరు. కాబట్టి ఊరిలో సోడా కలుపుకొని తాగిన అలవాటుతో దీన్ని అంచనా వేయకూడదు.

ప్రాంతాలు ఐదు: హైలాండ్, లోలాండ్, స్పేసైడ్, ఐలా, క్యాంపెల్‌టౌన్. కొత్తవారు స్పేసైడ్‌తో మొదలుపెడితే మంచిది. దేశంలోని డిస్టిలరీల్లో అత్యధికం స్పే నది చుట్టుపక్కలే ఉన్నాయి, అక్కడి సరుకు సాధారణంగా తేలికగా, పండ్ల వాసనతో ఉంటుంది. అబర్డీన్ నుంచి ఇన్వర్నెస్ వెళ్లే రైలులో ఎల్గిన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులోనో టాక్సీలోనో వెళ్లవచ్చు. ఐలా దీవి విస్కీలు చాలావరకు ఘాటైన పొగ వాసనతో ఉంటాయి. చిత్తడి నేలల నుంచి తవ్విన పీట్ అన్న మట్టిని కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెట్టడమే దానికి కారణం. లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగావులిన్ మూడూ ఆ దీవి దక్షిణ తీరంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క గుక్కకే మందుల వాసన వస్తోందని గ్లాసు పక్కన పెట్టేవారు ఉన్నారు, తిరిగి వచ్చాక మరేదీ తాగనివారూ ఉన్నారు. సమయం లేనివారికి ఎడిన్‌బరాలోని రాయల్ మైల్ వీధిలో ఉన్న విస్కీ ప్రదర్శనశాల సరిపోతుంది.

పబ్బులో కూర్చున్న చోటికి ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి వెళ్లి చెప్పి, డబ్బు కట్టి, గ్లాసు తెచ్చుకోవాలి. విస్కీ 25 గానీ 35 గానీ మిల్లీలీటర్ల కొలతలో పోస్తారు. మన పెగ్గు లెక్కతో చూస్తే తక్కువనిపిస్తుంది, కానీ అది మెల్లగా తాగవలసినది. అడుగు వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండే గ్లాసు అడగండి. ముందు నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. ముక్కును గ్లాసులోకి దూర్చితే ఆల్కహాల్ మంట తప్ప ఏమీ తెలియదు. ఒక చిన్న గుక్క నాలుక మీద నిలిపి మింగిన తరువాత, రెండు మూడు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి, అప్పటిదాకా దాగి ఉన్న వాసనలు బయటికి వస్తాయి. మంచు ముక్కలు వేస్తే అవి మూతపడతాయి, కాబట్టి మొదటి గ్లాసులో వద్దు. వేయించిన పల్లీలు, మిర్చి బజ్జీ ఆశించవద్దు. చిప్స్ పొట్లంతో సరిపెట్టుకోవాలి.

చట్టం విషయంలో అజాగ్రత్త పనికిరాదు. 18 ఏళ్లు నిండనివారికి అమ్మరు, యువకులుగా కనిపించేవారిని పాస్‌పోర్టు అడుగుతారు. దుకాణాల్లో మద్యం పొద్దున 10 నుంచి రాత్రి 10 వరకే అమ్ముతారు. 2018 నుంచి కనిష్ఠ ధర నియమం అమలులో ఉంది. 2024 సెప్టెంబరు 30 నుంచి ఒక యూనిట్‌కు (అంటే 10 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కు) 65 పెన్స్ కాబట్టి, 40 శాతం ఉన్న 700 మిల్లీలీటర్ల సీసాను 18 పౌండ్ల 20 పెన్స్‌కు తక్కువకు ఎక్కడా అమ్మకూడదు. బండి నడిపేవారికి పరిమితి ఇంగ్లండ్ కంటే కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. ఒక్క గ్లాసుతో ఏమవుతుందిలే అని స్టీరింగ్ పట్టుకోకూడదు. డిస్టిలరీకి కారులో వెళ్లినవారు ముందే చెబితే, నడిపేవారి వాటాను చిన్న సీసాలో పోసి ఇస్తారు, రాత్రి గదికి చేరాక తాగవచ్చు.

మద్యం ముట్టనివారికి ఐర్న్-బ్రూ ఉంది. 1901 నుంచి అమ్ముడవుతున్న ఈ నారింజ రంగు సోడా రుచి ఎలా ఉంటుందో చెప్పమంటే అక్కడివారే తలా ఒక మాట చెబుతారు. పిల్లలు ఇష్టపడతారు, పెద్దలకు సగం డబ్బా చాలు. మంచినీళ్ల సీసాలు కొనడం మాత్రం దండుగ. నల్లా నీళ్లు శుభ్రంగా, తియ్యగా ఉంటాయి, మద్యం అమ్మే హోటళ్లలో అడిగితే ఉచితంగా ఇస్తారు.

వేళలు, తీపి, తిరుగు ప్రయాణపు పెట్టె

మన దగ్గర దావత్ రాత్రి తొమ్మిదింటికి గానీ మొదలుకాదు. స్కాట్లాండ్ చిన్న ఊళ్లలో ఎనిమిదిన్నరకల్లా వంటగది మూసేస్తారు. మధ్యాహ్నం కూడా రెండున్నర దాటితే చాలాచోట్ల వేడి భోజనం దొరకదు. వేసవిలో, ముఖ్యంగా ఆగస్టులో ఎడిన్‌బరా ఉత్సవాలు జరిగేటప్పుడు, ముందుగా బల్ల కేటాయించుకోకపోతే నిలబడవలసిందే. పిల్లలను పబ్బులోకి రానిస్తారో లేదో, ఎన్ని గంటల వరకు ఉండనిస్తారో తలుపు దగ్గరే అడగాలి. బిల్లులో సేవా రుసుము కలపకపోతే పది శాతం వరకు ఇవ్వడం మర్యాద.

జూన్ నుంచి ఆగస్టు వరకు వెళ్లేవారు పెర్త్‌షైర్, ఆంగస్ ప్రాంతాల రాస్ప్‌బెర్రీలు, స్ట్రాబెర్రీలు వదులుకోకూడదు. బ్లేర్‌గౌరీ వైపు కొన్ని తోటల్లో బుట్ట ఇచ్చి మనచేతే కోయించి, తూకం వేసి అమ్ముతారు. ఆ పండ్లతో, మీగడతో, తేనెతో, వేయించిన ఓట్స్‌తో చేసే క్రానకన్ అన్న తీపిలో విస్కీ ఉంటుందని గుర్తుంచుకోండి. వద్దంటే కొన్నిచోట్ల లేకుండా చేసి ఇస్తారు. గుడ్డు తిననివారు కేకుల జోలికి పోకుండా, పిండి, వెన్న, చక్కెరతో చేసే షార్ట్‌బ్రెడ్, పాలు, వెన్న, చక్కెర పాకం పట్టి చేసే టాబ్లెట్ తినవచ్చు. టాబ్లెట్ చాలా తీపి. చిన్న ముక్క నోట్లో వేసుకొని చాయ్ తాగాలి. శనివారం ఎడిన్‌బరాలో ఉంటే కోట వెనుక కాసిల్ టెరస్‌లో జరిగే రైతుల అంగడికి పొద్దున్నే వెళ్లండి. అక్కడ జింక మాంసం కనిపిస్తే ఉలిక్కిపడనవసరం లేదు; మన దేశంలో నేరమైనా అక్కడ అది చట్టబద్ధమైన మాంసమే.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. గల్ఫ్ మీదుగా విమానం మారి శంషాబాద్ చేరేవారు సీసాలను చేతిసంచిలో పెట్టుకోకుండా, స్వెటర్లలో చుట్టి పెద్ద పెట్టెలో మధ్యగా సర్దాలి. 70 శాతానికి మించిన ఆల్కహాల్ ఉన్నవి విమానంలోకి ఎక్కించనివ్వరు. చుట్టాలకు పంచడానికి షార్ట్‌బ్రెడ్ రేకు డబ్బాలు, ఓట్‌కేకులు, అడింగ్‌స్టన్‌లో 1890 నుంచి ఉన్న టనాక్స్ వారి క్యారమెల్ వేఫర్లు నిల్వ ఉంటాయి, పగిలినా నష్టం లేదు. హగ్గిస్ డబ్బాలు, పొగబెట్టిన చేపలు తేవాలని చూడవద్దు; వాటిని అక్కడే తినేసి రావాలి.